యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగట్లేదా? వేలకు వేలు పెట్టి పార్ట్ మార్చే ముందు ఇంట్లోనే ఇవి చెక్ చేసుకోండి!

కారు స్టార్ట్ అవుతుంది. ఏసీ పని చేస్తుంది. గేరు పడుతుంది. కానీ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి మాత్రం ముందుకు లాగదు. ఇదే హైదరాబాద్-విజయవాడ హైవే మీద, వెనక లారీ హారన్ కొడుతున్నప్పుడు జరిగితే? ఒక్కసారిగా చెమటలు పట్టేస్తాయి.

ఎలాగోలా షెడ్డుకు చేరాక రెండో టెన్షన్ మొదలవుతుంది. ఒకరు పెడల్ సెన్సార్ పోయిందంటారు. ఇంకొకరు థ్రాటిల్ బాడీ మార్చాల్సిందే అంటారు. మూడో మెకానిక్ క్లచ్ ప్లేట్లు అయిపోయాయని తేల్చేస్తారు. విచిత్రం ఏంటంటే ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. ఎందుకంటే 'పికప్ లేదు' అనే ఒక్క లక్షణం వెనక డజను కారణాలు ఉంటాయి. కాళ్ల కింద జరిగిన మ్యాట్ దగ్గర్నుంచి, ఎలుక కొరికిన వైరు దాకా ఏదైనా కావచ్చు.

అందుకే ముందు ఖర్చు లేనివి, ఆ తర్వాత ఖర్చు తక్కువవి, చివరికి ఖరీదైనవి.. ఈ వరుసలో చెక్ చేసుకుంటూ వెళ్తే డబ్బులు మిగులుతాయి. ఆ వరుస ఏంటో ఇప్పుడు చూద్దాం.

రోడ్డు మీద ఆగిపోతే ముందు ఏం చేయాలి?

రిపేర్ సంగతి తర్వాత. ముందు ప్రాణం. నడుస్తున్న కారులో యాక్సిలరేటర్ పని చేయడం మానేస్తే వెంటనే సడన్ బ్రేక్ వేయకండి. హజార్డ్ లైట్లు ఆన్ చేయండి. అద్దంలో వెనక చూసుకుంటూ, బండికి ఉన్న వేగంతోనే నెమ్మదిగా ఎడమవైపు అంచుకు తీసుకెళ్లండి.

కారు కదులుతుండగా ఇంజిన్ ఆఫ్ చేయొద్దు. ఆఫ్ చేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, కాసేపటికి బ్రేక్ కూడా గట్టిపడుతుంది. పూర్తిగా పక్కన ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేసి, లోపల ఉన్నవాళ్లంతా ఎడమవైపు డోర్ నుంచి దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. కారు వెనక కొంత దూరంలో రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టాలి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయొచ్చు.

చాలా కార్లలో ఇంజిన్ ఆఫ్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తుంది. హమ్మయ్య అనుకుని అలాగే 200 కిలోమీటర్లు వెళ్లిపోకండి. అది రిపేర్ కాదు. కంప్యూటర్ ఆ క్షణానికి తప్పును పక్కన పెట్టిందంతే. దగ్గర్లోని సేఫ్ ప్లేస్ వరకే ఆ అవకాశం.

అసలు పెడల్‌కి, ఇంజిన్‌కి మధ్య ఏం జరుగుతుంది?

మారుతి 800, ఓమ్ని లాంటి పాత బండ్లలో యాక్సిలరేటర్ పెడల్‌కి ఒక ఇనుప కేబుల్ కట్టి ఉంటుంది. కాలితో తొక్కితే ఆ కేబుల్ లాగుతుంది, ఇంజిన్ దగ్గర గాలి వెళ్లే మూత తెరుచుకుంటుంది. సైకిల్ బ్రేక్ వైరు లాంటిదే.

ఇప్పటి కార్లలో ఆ కేబుల్ లేదు. పెడల్ దగ్గర ఒక సెన్సార్ ఉంటుంది. 'డ్రైవర్ ఇంత తొక్కాడు' అని అది కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ కంప్యూటర్‌నే ఈసీయూ అంటారు. ఈసీయూ అన్నీ లెక్కేసుకుని థ్రాటిల్ బాడీలోని చిన్న మోటార్‌కు 'ఇంత తెరువు' అని చెబుతుంది. డీజిల్ కార్లలో అయితే ఎంత డీజిల్ కొట్టాలో నిర్ణయిస్తుంది.

అంటే ఇప్పుడు మనం తొక్కేది ఆర్డర్ కాదు, రిక్వెస్ట్ మాత్రమే! ఈసీయూకి ఎక్కడైనా అనుమానం వస్తే ఆ రిక్వెస్ట్‌ను పక్కన పెడుతుంది. ఇంజిన్ పవర్ తగ్గించి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగించి, బండి మెల్లగా ఇంటికి చేరేంత శక్తి మాత్రమే ఇస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. లింప్ అంటే కుంటడం. పెడల్ పని చేయడం లేదని మనం అనుకుంటాం. కానీ చాలాసార్లు కారు మనల్ని కాపాడటానికే అలా చేస్తుంది.

మొదటి ప్రశ్న: రేస్ పెరుగుతోందా, లేదా?

మొత్తం చెకింగ్‌లో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. కారును సమతల నేల మీద, గాలి ఆడే చోట ఆపండి. షట్టర్ మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపడం ప్రాణాంతకం. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, టైర్లకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి నెమ్మదిగా యాక్సిలరేటర్ తొక్కుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి.

ముల్లు మామూలుగా పైకి లేస్తోందా? అయితే యాక్సిలరేటర్ సిగ్నల్ ఇంజిన్ దాకా చేరుతోందన్నమాట. ముందు క్లచ్, బ్రేకులు చూడాలి. ముల్లు కదలడం లేదా, లేదంటే కొంచెం లేచి అక్కడే ఆగిపోతోందా? అప్పుడు సమస్య పెడల్ నుంచి ఇంజిన్ మధ్యలో ఎక్కడో ఉంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. కొన్ని కొత్త కార్లలో ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎంను కంపెనీయే ఒక హద్దు దాటనివ్వదు. అది ఫాల్ట్ కాదు.

రేస్ పెరుగుతోంది.. స్పీడ్ పెరగట్లేదు

ఇలా ఉంటే మొదటి అనుమానం క్లచ్ మీదే. ఖాళీగా ఉన్న రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లు ఒక్కసారిగా పైకి దూకి, స్పీడ్ మాత్రం మెల్లగా పెరిగితే క్లచ్ స్లిప్ అవుతున్నట్టే. కాలిన వాసన కూడా వస్తే అనుమానమే అక్కర్లేదు. ట్రాఫిక్‌లో క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉన్నవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, గేర్‌బాక్స్ దించాలి.

రెండో అనుమానం బ్రేక్ జామ్. సమతల నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోండి. మరొకరు తోస్తే కారు ఈజీగా కదలాలి. మొండికేస్తే ఏదో చక్రం పట్టేసినట్టు. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రమే విపరీతమైన వేడి తగిలితే అదే దొంగ. చక్రాన్ని చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది. ఆటోమేటిక్ కార్లయితే గేర్‌బాక్స్ ఆయిల్ చెక్ చేయించాలి.

రేస్ కూడా పెరగట్లేదా? కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టండి

ముందు మ్యాట్. ఇంజిన్ ఆఫ్ చేసి, మొబైల్ టార్చ్ వేసి కింద చూడండి. మ్యాట్ ముడతపడి పెడల్ కిందకు చేరితే పెడల్ సగమే దిగుతుంది. మ్యాట్ మీద మ్యాట్ వేసిన కార్లలో, దొర్లే వాటర్ బాటిళ్ల వల్ల కూడా ఇలాగే జరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2009లో అమెరికాలో మ్యాట్‌కు పెడల్ ఇరుక్కునే ప్రమాదం ఉందని టయోటా, లెక్సస్ కార్లను లక్షల్లో రీకాల్ చేశారు. మ్యాట్ అడ్డుపడితే పెడల్ దిగకపోవడమే కాదు, దిగిన పెడల్ పైకి రాకపోవడం కూడా జరుగుతుంది.

తర్వాత బ్రేక్ లైట్లు. కారు వెనక ఒకరిని నిలబెట్టండి. బ్రేక్ తొక్కకపోయినా లైట్లు వెలుగుతున్నాయా? అయితే బ్రేక్ స్విచ్ పాడైంది. చాలా కొత్త కార్లలో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కితే ఈసీయూ బ్రేక్ మాటే వింటుంది, ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది. స్విచ్ తప్పుడు సిగ్నల్ ఇస్తే కారు అయోమయంలో పడొచ్చు. ఇది చిన్న పార్టే.

మూడోది బ్యాటరీ. కరెంటు సరిగా లేకపోతే సెన్సార్లు తప్పుడు లెక్కలు చెబుతాయి. టెర్మినల్స్ వదులుగా ఉన్నాయా, తెల్లటి బూజు పట్టిందా చూడండి. మల్టీమీటర్ ఉంటే ఇంజిన్ ఆఫ్‌లో 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు చూపించాలి.

పాత కారు అయితే.. కేబుల్ చూడండి

ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంచి బానెట్ ఎత్తండి. లోపల ఒకరు పెడల్‌ను మెల్లగా తొక్కుతుంటే, బయట ఇంకొకరు థ్రాటిల్ దగ్గర ఉండే చిన్న లివర్‌ను గమనించాలి. కేబుల్ అసలు కదలకపోతే తెగిపోయి ఉండాలి, లేదంటే పెడల్ పైన ఉండే కొక్కెం నుంచి జారి ఉండాలి. జారితే మళ్లీ తగిలిస్తే సరిపోతుంది. కేబుల్ కదిలినా లివర్ చివరిదాకా తిరగకపోతే కేబుల్ వదులైంది. ఇంజిన్ వైపు ఉండే రెండు నట్లను పానాతో తిప్పి సరిచేయొచ్చు. మరీ బిగిస్తే ఐడ్లింగ్ పెరిగిపోతుంది, కాబట్టి కొంచెం లూజ్ ఉండాల్సిందే.

కేబుల్ పోగులు తెగుతూ కనిపిస్తే ఆయిల్ పోసి నెట్టుకురావద్దు. కొత్తది వేసేయండి. పాతది తీసే ముందు అది ఏ దారిలో వెళ్లిందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కొత్త కేబుల్‌ను ఎక్కడా మడత పెట్టకూడదు, వేడి గొట్టాలకు తగలనివ్వకూడదు. వేశాక పెడల్ వదిలితే లివర్ 'టక్' మని వెనక్కి రావాలి. అలా రాకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయనే వద్దు.

కొత్త కారు అయితే.. వైర్లు, కప్లర్లు

కొత్త కార్లలో పెడల్ పైభాగాన ఒక ప్లాస్టిక్ కప్లర్ ఉంటుంది. సాధారణంగా దానికి 6 వైర్లు వస్తాయి. ఎందుకంటే లోపల ఒకటి కాదు, 2 సెన్సార్లు ఉంటాయి. రెండూ చెప్పే లెక్క కలిస్తేనే ఈసీయూ నమ్ముతుంది. కలవకపోతే వెంటనే లింప్ మోడ్!

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీశాక ఆ కప్లర్‌ను విప్పండి. లాక్ నొక్కి కప్లర్‌ను పట్టుకుని లాగాలి, వైర్లను పట్టుకుని కాదు. లోపల పచ్చటి తుప్పు, తడి, వంగిన పిన్నులు ఉన్నాయేమో చూడండి. వానలో నీళ్లు లోపలికి వచ్చిన కార్లలో ఇది మామూలే. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బాగా ఆరనిచ్చి, 'టిక్' అనేదాకా తిరిగి నొక్కండి. థ్రాటిల్ బాడీ దగ్గరి కప్లర్‌కూ ఇదే పద్ధతి.

ఇక మన దగ్గర అసలు విలన్లు ఎలుకలు. వారాల తరబడి పార్కింగ్‌లో వదిలేసిన కార్లలో, వానాకాలంలో ఇంజిన్ వెచ్చదనానికి చేరి వైర్లు కొరికేస్తాయి. ఇంజిన్ మీద ప్లాస్టిక్ తునకలు, ఎలుక పెంటికలు కనిపిస్తే వైరింగ్ మొత్తం చూడాల్సిందే. తెగిన సెన్సార్ వైర్లను మెలేసి టేపు చుట్టేయడం చాలామంది చేసే తప్పు. ఈ వైర్లలో నడిచేది 5 వోల్టుల లోపు సిగ్నల్. జాయింట్ కాస్త వదులైనా లెక్క తప్పుతుంది. సోల్డరింగ్ చేసి స్లీవ్ వేయించాలి.

చిన్న స్కానర్.. పెద్ద బిల్లును ఆపుతుంది

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ అనే సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ స్కానర్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఫాల్ట్ కోడ్‌లు కనిపిస్తాయి. పి2122, పి2127, పి2138 వస్తే పెడల్ సెన్సార్ వైపు చూడాలి. పి0122, పి2135 అయితే థ్రాటిల్ సెన్సార్ వైపు. పి2112 అంటే థ్రాటిల్ మూత మూసుకుని ఇరుక్కుందని అర్థం. పి0299 వస్తే టర్బో గాలి తక్కువైందని అర్థం.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కోడ్ అనేది దొంగ పేరు కాదు, దొంగ దాక్కున్న వీధి పేరు మాత్రమే. పి2138 వచ్చిందని వెంటనే పెడల్ కొనేయకండి. కప్లర్‌లో తుప్పు ఉన్నా అదే కోడ్ వస్తుంది, వైరు తెగినా అదే కోడ్ వస్తుంది.

అందుకే కోడ్ ఫొటో తీసుకుని, యాప్‌లో లైవ్ డేటా తెరవండి. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో పెట్టి పెడల్‌ను మెల్లగా కిందకు నొక్కండి. పెడల్ నంబర్ సాఫీగా పెరగాలి. మధ్యలో గెంతినా, సున్నాకు పడినా లోపం పెడల్ వైపు ఉంది. పెడల్ నంబర్ చక్కగా పెరుగుతున్నా, ఇంజిన్ ఆన్‌లో థ్రాటిల్ నంబర్ కదలకపోతే అనుమానం థ్రాటిల్ బాడీ మీదకు మళ్లుతుంది. ఈ రెండు నిమిషాల పనితో ఏ పార్ట్ అడగాలో, ఏది అడగకూడదో తెలిసిపోతుంది.

థ్రాటిల్ బాడీ క్లీనింగ్.. ఇలా మాత్రమే

పెట్రోల్ కార్లలో ఏళ్ల తరబడి నల్లటి మసి పేరుకుని మూత సరిగా కదలదు. ఇంజిన్ చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగెటివ్ తీసి, గాలి గొట్టం విప్పండి. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద కొట్టి మసిని తుడవండి. డబ్బాలో సగం నేరుగా లోపల కొట్టేస్తే మోటార్ వైపు చేరి ఉన్నదీ పాడవుతుంది. మూతను వేలితో బలంగా తోయకండి, లోపలి గేర్లు దెబ్బతింటాయి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలు పెట్టడం ఇంకా ప్రమాదం, మూత ఒక్కసారిగా కదిలితే వేలు నలుగుతుంది.

క్లీన్ చేశాక ఐడ్లింగ్ కాసేపు ఎక్కువగా ఉండొచ్చు. కొన్ని కార్లకు స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్నింగ్ చేయించాల్సి ఉంటుంది. ఆ పద్ధతి మీ కారు సర్వీస్ మాన్యువల్ ప్రకారమే చేయాలి.

పెడల్ బాగానే ఉంది.. అయినా పికప్ లేదంటే?

అప్పుడు ఇంజిన్‌కు గాలి గానీ, ఇంధనం గానీ సరిగా అందడం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పట్టి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే మార్చండి. సర్వీసింగ్ చేయించిన మర్నాడే సమస్య మొదలైతే, గాలి గొట్టం క్లాంప్ బిగించడం మర్చిపోయారేమో చూడండి. టర్బో ఉన్న డీజిల్ కారులో 'బుస్స్' మనే శబ్దం, నల్లటి పొగ వస్తే టర్బో గొట్టం ఊడి ఉండొచ్చు.

పెట్రోల్ కారులో ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి ఫ్యూయల్ పంపు శబ్దం రెండు సెకన్లు వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజ్, రిలే చూడాలి. డీజిల్ కార్లలో ఫిల్టర్‌లో నీరు చేరినా పికప్ పడిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు ఆఫీసుకు, బజారుకు మాత్రమే తిప్పితే అందులో మసి నిండిపోతుంది. పూర్తిగా నిండితే కారు లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. డీపీఎఫ్ లైట్ మొదట వెలిగినప్పుడే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడిపితే మసి కాలిపోతుంది. ఆ లైట్‌ను పట్టించుకోకుండా వదిలేస్తేనే బిల్లు పెరుగుతుంది.

ఇవి మాత్రం ఇంట్లో వద్దు

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు. వాటిలో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్ హై ప్రెషర్ పైపులు విప్పొద్దు. వారంటీలో ఉన్న కారు వైరింగ్‌ను సొంతంగా కోయొద్దు. క్లెయిమ్ పోయే ప్రమాదం ఉంది. ఇక తొక్కిన పెడల్ తిరిగి పైకి రాకుండా ఇరుక్కుంటుంటే, ఆ కారును ఇంటి నుంచి బయటకు తీయనే వద్దు. టోయింగ్ బండి పిలవండి.

బాగైంది అనుకునే ముందు..

రిపేర్ అయ్యాక కోడ్ క్లియర్ చేసి, ముందు ఇంటి దగ్గర్లో, ట్రాఫిక్ లేని రోడ్డు మీద అరగంట నడపండి. మళ్లీ స్కాన్ చేయండి. అదే కోడ్ తిరిగి వస్తే మూల కారణం ఇంకా అక్కడే ఉంది. హైవే ఎక్కొద్దు.

షెడ్డుకు వెళ్లాల్సి వచ్చినా ఈ చెకింగ్ వృథా కాదు. 'పికప్ లేదు, చూడండి' అనడానికి, 'న్యూట్రల్‌లో కూడా రేస్ పెరగట్లేదు, కోడ్ పి2138, కప్లర్ క్లీన్ చేశాను, పెడల్ నంబర్ మధ్యలో సున్నాకు పడుతోంది' అనడానికి చాలా తేడా ఉంది. మొదటి మాట చెబితే వెతుకులాట మెకానిక్ చేతిలో, బిల్లు మీ చేతిలో. రెండో మాట చెబితే నేరుగా పనిలోకి దిగుతారు. ఏ పార్ట్ మార్చినా పాతది అడిగి తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.